పగిలిన తారుబాట: మరమ్మతు చాలునా, కొత్త పొర కావలెనా?

ప్రతి సంవత్సరం ఆషాఢ పూర్ణిమ సందర్భంగా జరిగే సింహాచల గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్ల నడక. కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి మీదుగా గోపాలపట్నం చేరుకుంటారు. అక్కడినుండి ప్రహ్లాదపురం దారిలో తిరిగి తొలిపావంచా చేరితే ప్రదక్షిణ సంపూర్ణమవుతుంది. గోపాలపట్నం వచ్చేసరికి యాత్రికుని కాళ్లు అలసి ఉంటాయి. చాలామందికి అది రాత్రివేళ. అనేకులకు పాదరక్షలు ఉండవు. లేచిన కంకర, నోరు తెరిచిన పగులు, నీరు నిలిచిన గుంత ఆ సమయంలో ఎంత బాధిస్తాయో నడిచినవారికే తెలుస్తుంది.

అందుచేతనే దారుల బాగు కోసం ద్రవ్యసహాయం చేయదలచిన దాతలు ఏటా ముందుకు వస్తుంటారు. వారి కోరిక ఎక్కువగా ఒకే విధంగా ఉంటుంది: "ఉత్సవానికి ముందు దారి అంతటికీ కొత్తగా తారు వేయించండి." సంకల్పం ఉత్తమమైనదే. అయితే పగిలిన ప్రతి బాటకూ కొత్త పొర అవసరం లేదు. కొన్ని బాటలకు కొత్త పొర వేసినా ప్రయోజనం ఉండదు. ఏ బాటకు ఏది తగునో నిర్ణయించే విధానాన్ని యాత్రికులకూ దాతలకూ వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

బాట లోపల ఏమున్నది?

తారురోడ్డు అనగానే మనకు కనబడేది నల్లని పైభాగం మాత్రమే. దాని కింద అనేక పొరలు ఉంటాయి. అన్నిటికన్నా అడుగున గట్టిగా దిమ్మిస వేసిన సహజమైన నేల. దాని మీద గ్రావెల్ పొర. ఆపైన వివిధ పరిమాణాల కంకరను తడిపి రోలరుతో అణచిన పొర. దాని మీద ముతక కంకరతో తారు కలిపిన పొర. చివరగా 25 నుండి 50 మిల్లీమీటర్ల మందంతో సన్నకంకర, తారు కలిపిన పైపొర. వాహనాల బరువును నిజంగా మోసేవి లోపలి పొరలు. పైపొర చేసే ముఖ్యమైన పని నునుపైన నడక ఇవ్వడం, నీరు లోపలికి దిగకుండా కాపాడటం. ఇంటికి పైకప్పు ఎటువంటిదో బాటకు పైపొర అటువంటిది. పైకప్పు కారితే కప్పును బాగుచేస్తాము. పునాది కుంగి గోడ బీటవారితే కప్పు మార్చి ప్రయోజనం లేదు. బాట విషయంలోనూ మొదట తేల్చుకోవలసింది ఇదే: రోగం పైపొరలో ఉన్నదా, లోపల ఉన్నదా?

పగుళ్లు ఎందుకు వస్తాయి?

కారణాలు ప్రధానంగా మూడు. మొదటిది ఎండ. తారు కొత్తలో సాగే గుణంతో ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువు, ఎండవేడి కలిసి సంవత్సరాలు గడిచేకొద్దీ దానిని గట్టిపరచి పెళుసుగా మారుస్తాయి. విశాఖ వేసవిలో నల్లని బాట ఉపరితలం 60 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. రాత్రి చల్లబడినప్పుడు కుంచించుకుంటుంది. పెళుసుబారిన తారు ఈ సాగుడు, ముడుచుకొనుట భరించలేక సన్నగా చీలుతుంది.

రెండవది బరువు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుండి 1960 వరకు జరిగిన ప్రసిద్ధమైన రహదారి పరీక్షలో ఒక సత్యం తేలింది. ఇరుసు మీది బరువు రెండింతలైతే బాటకు కలిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. ఈ లెక్కన పది టన్నుల ఇరుసు ఒక్కసారి దాటితే కలిగే నష్టం ఒక టన్ను ఇరుసు పదివేల సార్లు దాటినదానికి సమానం. లక్షలాది పాదాలు నడిచినా బాట చెడదు. దానిని అలసింపజేసేవి బస్సులు, లారీలు. ఎన్‌ఏడీ కూడలి నుండి గోపాలపట్నం మీదుగా పెందుర్తి, కొత్తవలస, అరకు దిక్కుగా సాగే దారిలో ఇటువంటి బరువైన రాకపోకలకు కొదవ లేదు. కొండమీదికి వెళ్లే ఘాట్‌రోడ్డులో బస్సులు బ్రేకులు వేసే చోట, మలుపు తిరిగే చోట పైపొర పక్కకు నెట్టుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

మూడవది నీరు. మొదటి రెండూ బాటను పగులగొడితే, ఆ పగులులోనుండి లోపలికి దిగే నీరు బాటను చంపుతుంది. సింహాచలం కొండలు ఖోండలైటు శిలామయమైనవి. ఈ రాయి వాతావరణానికి మెత్తబడి ఎర్రని, బంకగుణం కల మన్నుగా మారుతుంది. ఎండలో ఇటుకలా గట్టిగా ఉండే ఆ నేల తడిసినప్పుడు బలం కోల్పోతుంది. కొండ వాలు మీది వాననీరు దిగువనున్న కాలనీల వైపే వస్తుంది. పక్క కాలువలు పూడిపోయి ఉంటే ఆ నీటికి దారి రోడ్డే. పగులు ద్వారా దిగిన నీరు అడుగునేలను మెత్తపరుస్తుంది. ఆ మెత్తని చోట బస్సు చక్రం పడిన ప్రతిసారీ తారుపొర కిందికి వంగి పైకి లేస్తుంది. కొన్ని నెలలకు సన్నని చీలిక గుంతగా మారుతుంది.

పగులును చదివే విధం

వైద్యుడు నాడి చూసి రోగం చెప్పినట్లు, అనుభవం గల ఇంజినీరు పగులు ఆకారాన్ని బట్టి కారణం చెప్పగలడు. సామాన్యులు కూడా కొంతవరకు గుర్తించవచ్చు.

దూరదూరంగా, ఒంటరిగా, అడ్డంగానో నిలువుగానో సాగే పగుళ్లు చాలావరకు ఎండ వల్ల, లేదా రెండు తారు పట్టీలు కలిసే అతుకు దగ్గర సరిగా అణచకపోవడం వల్ల వచ్చినవి. చుట్టుపక్కల ఉపరితలం చదునుగా ఉంటే లోపలి పొరలు సాధారణంగా బాగున్నట్లే.

బాట అంచు వెంబడి ఒక అడుగు లోపలగా సాగే పగుళ్లు పక్కమన్ను కోసుకుపోయి అంచుకు ఆసరా లేకపోయినదని చెబుతాయి. ఇక్కడ ముందు చేయవలసింది పక్కన గ్రావెల్ పోసి గట్టిపరచడం. ఆసరా లేకుండా ఎంత తారు వేసినా అంచు మళ్లీ విరుగుతుంది.

చిన్నచిన్న గడులుగా ఒకదానితో ఒకటి కలిసి, మొసలి వీపు మీది చర్మంలా కనబడే పగుళ్లు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. ఇవి సాధారణంగా చక్రాలు నడిచే జాడల్లో వస్తాయి. లోపలి పొరలు అలసిపోయినవి లేదా అడుగునేల తడిసి మెత్తబడినది అని అర్థం. వాన వెలిసిన తరువాత ఆ పగుళ్లలోనుండి బురదనీరు ఊరుతుంటే సందేహమే లేదు.

చక్రాల జాడల్లో పొడవైన చాళ్లు పడటం మరొక లక్షణం. పైపొర మాత్రమే జారి చాలు పడినదా, కింది పొరలు కుంగినవా అన్నది తవ్వి చూస్తేగాని తెలియదు.

పగుళ్లు లేకుండానే సన్నకంకర ఊడి గరుకుగా తయారైన బాట ఇంకొక రకం. తారు పలచబడటం, పెళుసుబారడం దీనికి కారణం. పాదచారులకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే అయినా, బాట బలానికి ఇది పెద్ద ముప్పు కాదు. సకాలంలో పలుచని తారుపూత, సన్నచిప్స్ వేస్తే సరిపోతుంది.

పరీక్షలు

నిర్ణయానికి ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని సులభమైనవి. పెద్దవాన వెలిసిన రెండు మూడు గంటల తరువాత బాట వెంట నడవాలి. నీరు ఎక్కడ నిలిచిందో సుద్దముక్కతో గీత గీయాలి. మూడు మీటర్ల నిటారైన బద్దను బాట మీద అడ్డంగా ఉంచి కింద ఎంత సందు ఉన్నదో కొలవాలి. పగుళ్లు ఉన్న భాగం మొత్తం విస్తీర్ణంలో ఎంతో లెక్క వేయాలి. మొసలిచర్మపు పగుళ్లు ఉన్న ఒకటి రెండు చోట్ల ఒక మీటరు చదరంలో తవ్వి, లోపలి పొరల మందం, తడి చూడాలి.

పెద్ద దారులకు ఇంజినీర్లు మరింత కచ్చితమైన పరీక్ష చేస్తారు. వెనుక ఇరుసు మీద 8,170 కిలోల బరువు నింపిన లారీని నిలబెట్టి, అది ముందుకు కదిలినప్పుడు బాట ఎంత పైకి లేచిందో బెంకెల్‌మన్ బీమ్ అనే పొడవాటి పరికరంతో కొలుస్తారు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ పరీక్షకు 81వ సంఖ్య గల ప్రమాణగ్రంథాన్ని, తారురోడ్ల నిర్వహణకు 82వ సంఖ్య గల గ్రంథాన్ని వెలువరించింది. చక్రం కింద బాట ఎక్కువగా వంగుతున్నదంటే లోపల బలం తగ్గినదన్నమాట. కొత్త పొర ఎంత మందంగా ఉండాలో ఈ కొలతను బట్టే నిర్ణయిస్తారు, చూపుల అందాన్ని బట్టి కాదు.

నిర్ణయం: మూడు మార్గాలు

మొదటి మార్గం మరమ్మతు. పగుళ్లు ఒంటరివై, బాట చదునుగా ఉండి, గుంతలు అక్కడక్కడ మాత్రమే ఉంటే ఇదే తగినది. మూడు మిల్లీమీటర్ల లోపు సన్నని చీలికలకు పలుచని తారు ఎమల్షన్ పూత చాలును. అంతకన్నా వెడల్పైన పగులును గాలిపంపుతో దుమ్ము, గడ్డి, తడి లేకుండా శుభ్రపరచి, రబ్బరు కలిపిన వేడితారుతో నింపాలి. గుంతను గుండ్రంగా ఉన్నది ఉన్నట్లు నింపరాదు. చుట్టూ గట్టి భాగం తగిలే వరకు చతురస్రంగా, నిటారైన అంచులతో కోసి, బురద తీసి, గోడలకు, అడుగుకు తారు పూసి, వేడి మిశ్రమాన్ని పొరలు పొరలుగా వేసి అణచాలి. నీటిలో కంకర పోసి పైన మన్ను చల్లడం మరమ్మతు కాదు.

రెండవ మార్గం మరమ్మతు చేసి ఆపైన కొత్త పొర పరచడం. ఎండకు పైపొర అంతా పెళుసుబారి, పగుళ్లు విస్తారంగా వ్యాపించి, లోపలి పొరలు మాత్రం గట్టిగా ఉన్నప్పుడు ఇది ఉత్తమం. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు పగుళ్లు నింపాలి, మెత్తని చోట్లు తవ్వి బాగుచేయాలి, తరువాతే పొర. ఈ క్రమం తప్పితే కింది పగులు పైపొరలోకి ఎక్కి వస్తుంది. ఆ ఎక్కుడు సంవత్సరానికి సుమారు 25 మిల్లీమీటర్లని ఇంజినీర్లు స్థూలంగా చెబుతారు. అంటే పగుళ్ల మీద నేరుగా వేసిన 25 మిల్లీమీటర్ల నల్లని పొర మరుసటి ఉత్సవం నాటికే పగుళ్లు చూపవచ్చు. "పోయిన ఏడే వేశారు, అప్పుడే పగిలిందేమి?" అనే ప్రశ్నకు చాలా సందర్భాలలో సమాధానం ఇదే.

మూడవ మార్గం తవ్వి మళ్లీ వేయడం. మొసలిచర్మపు పగుళ్లు మొత్తం విస్తీర్ణంలో నాలుగవ వంతు దాటితే అతుకులు, పైపొరలు రెండూ గిట్టుబాటు కావన్నది వాడుకలో ఉన్న ఒక స్థూలసూత్రం. అప్పుడు నీటిని తప్పించే కాలువ మొదట కట్టి, చెడిన పొరలు తొలగించి, అడుగునుండి నిర్మించాలి. ఖర్చు ఎక్కువే. కానీ కుంగుతున్న నేల మీద ఏటేటా పొరలు వేసే ఖర్చు కన్నా చివరికి తక్కువ.

ఒక లెక్క

ఆలయ ప్రవేశమార్గం ఒకటి 100 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు ఉన్నదనుకొందాము. వైశాల్యం 700 చదరపు మీటర్లు. దీనికి 40 మిల్లీమీటర్ల కొత్త పొర వేయాలంటే 28 ఘనమీటర్ల మిశ్రమం కావాలి. అణచిన మిశ్రమం ఘనమీటరు సుమారు 2.35 టన్నులు తూగుతుంది కనుక మొత్తం 66 టన్నులు.

అదే బాటలో 300 మీటర్ల పొడవు ఒంటరి పగుళ్లు, 35 చదరపు మీటర్ల గుంతలు మాత్రమే ఉన్నవనుకొందాము. పగులు 10 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల లోతు ఉంటే నింపడానికి కావలసిన తారు సుమారు 60 కిలోలు. గుంతలను 75 మిల్లీమీటర్ల లోతున నింపడానికి సుమారు 6 టన్నుల మిశ్రమం. కూలి, యంత్రాల ఖర్చు వేరుగా ఉన్నా, సామగ్రి పదవ వంతుకు లోపే.

ఇప్పుడు మరొక విధంగా చూద్దాము. అదే బాటలో 300 చదరపు మీటర్లు మొసలిచర్మంలా పగిలి, 150 మిల్లీమీటర్ల లోతు వరకు తవ్వవలసి వస్తే, అతుకులకే సుమారు 106 టన్నుల మిశ్రమం పడుతుంది. బాట అంతటికీ పొర వేయడానికి పట్టే 66 టన్నుల కన్నా ఇది ఎక్కువ. ఈ స్థితిలో అతుకులతో సరిపెట్టుకోవడం పొదుపు కాదు. మరమ్మతు ఎల్లప్పుడూ చౌక అనీ, కొత్త పొర ఎల్లప్పుడూ మేలు అనీ చెప్పలేము. పగులు ఎటువంటిదో, ఎంత మేర ఉన్నదో తేలితేనే నిర్ణయం.

పొర మీద పొర వేస్తే ఏమవుతుంది?

కొత్త పొర వేసిన ప్రతిసారీ బాట మట్టం పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల చొప్పున మూడుసార్లు వేస్తే 120 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఐదు అంగుళాలు. అప్పుడు ఇళ్ల గడపలు, మండపపు మెట్లు, కాలువల మూతలు బాటకన్నా పల్లమైపోతాయి. కాలువలోకి పోవలసిన వాననీరు ముంగిట్లోకి వస్తుంది. దీనికి పరిష్కారం పాత పైపొరను మిల్లింగ్ యంత్రంతో గీకి తీసి, అంతే మందం కొత్త పొర వేయడం. గీకిన మిశ్రమం వ్యర్థం కాదు. దానిని తిరిగి వాడవచ్చు. బాట నడుమ ఎత్తుగా, రెండు పక్కలకు మీటరుకు 20 నుండి 25 మిల్లీమీటర్ల వాలు ఉండాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ వాలు లేని బాట మీద ఎంత ఖరీదైన పొర అయినా నీటికి తలవంచుతుంది.

పని ఎప్పుడు చేయించాలి?

విశాఖ ప్రాంతానికి జూన్ నుండి నైరుతి వానలు, ఆపైన అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్నే తాకింది. గిరిప్రదక్షిణ వచ్చే ఆషాఢం వానాకాలంలోనే ఉన్నది. కనుక ప్రదక్షిణకు వారం ముందు హడావుడిగా తారు వేయడం సరికాదు. తడి నేలకు తారు అంటుకోదు. వేడి మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు ఉండాలి. 90 డిగ్రీలకు తగ్గకముందే రోలరు పని ముగియాలి. వానచినుకులలో ఇది సాధ్యం కాదు.

ఉత్తమమైన క్రమం ఇది. తుఫానుల కాలం ముగిసిన వెంటనే డిసెంబరులో బాటను పరీక్షించాలి. జనవరి నుండి మార్చి వరకు కాలువలు, మరమ్మతులు, అవసరమైతే కొత్త పొర పూర్తిచేయాలి. అప్పుడు అక్షయతృతీయనాటి చందనోత్సవానికీ, ఆషాఢ ప్రదక్షిణకూ బాట సిద్ధంగా ఉంటుంది. మే నెలాఖరున మరొకసారి కాలువల పూడిక తీయించాలి. దాతలు తమ కానుకను ఉత్సవం ముంగిట కాక కార్తికమాసంలోనే ప్రకటిస్తే పని సకాలంలో, సక్రమంగా జరుగుతుంది.

దాతలు అడగవలసిన ప్రశ్నలు

ద్రవ్యం ఇచ్చే ముందు దాతలు ఈ విషయాలు విచారించడం ధర్మమే. పగుళ్లకు కారణం తేల్చినారా? తవ్వి చూసినారా? నీరు పోయే దారి ఏది? పాత పొరను గీకుతారా, దాని మీదనే వేస్తారా? పొర మందం ఎంత, వేసిన తరువాత ఎవరు కొలుస్తారు? మరుసటి సంవత్సరం పగుళ్లు నింపడానికి కొంత సొమ్ము ప్రత్యేకంగా ఉంచినారా? చివరి ప్రశ్న అత్యంత ముఖ్యమైనది. పొర వేయించే దాతలు దొరుకుతారు, పగులు నింపించే దాతలు అరుదు. నగరంలోని ప్రజారహదారుల బాధ్యత ప్రభుత్వసంస్థలది. వాటిపై మన సొంత పనులు చేయరాదు. లోపం కనబడితే స్థలం గుర్తులతో సంబంధిత కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆలయాల సొంత మార్గాల విషయంలో మాత్రం పై ప్రశ్నలన్నీ వర్తిస్తాయి.

యాత్రాసేవ చేసేవారికి ఒక విన్నపం

ప్రదక్షిణ సమయంలో దారి పొడవునా మంచినీరు, మజ్జిగ, ప్రసాదం అందించే పుణ్యాత్ములు ఎందరో ఉన్నారు. పందిళ్ల కోసం తారుబాటలో గునపంతో గుంతలు తవ్వవద్దని వారికి మనవి. పండుగ మరునాడు గుంజ తీసివేస్తారు, రంధ్రం మిగిలిపోతుంది. మరుసటి వానకు నీరు దానిలోనుండే లోపలికి దిగుతుంది. ఇసుక నింపిన డ్రమ్ములలో గుంజలు నిలిపితే బాటకు హాని ఉండదు. పొయ్యిలను నేరుగా తారు మీద పెట్టవద్దు. కింద ఇటుకలు పరచి ఇసుక పోయండి. జనరేటర్ల డీజిలు బాట మీద ఒలకనీయవద్దు. డీజిలు తారును కరిగిస్తుంది. ఆకులు, గ్లాసులు కాలువలో వేస్తే కాలువ పూడి నీరు బాటకెక్కుతుంది. ఈ నాలుగు జాగ్రత్తలకు పైసా ఖర్చు లేదు.

జీర్ణోద్ధరణం నూతన నిర్మాణం కన్నా గొప్ప పుణ్యమని పెద్దలు చెబుతారు. గోపురానికి వర్తించే ఆ మాట గోపురానికి చేర్చే బాటకూ వర్తిస్తుంది. పగులు నింపిన చోట శిలాఫలకం ఉండదు, దాత పేరు కనబడదు. కానీ సకాలంలో నింపిన ఆ పగులు వల్ల అర్ధరాత్రి గోపాలపట్నం దాటే ఒక వృద్ధురాలి పాదం తొట్రుపడకుండా సాగిపోతుంది. దానం ఇచ్చేటప్పుడు ఆ పాదాన్ని తలచుకొని, బాటకు నిజంగా ఏది అవసరమో దానికే ఇవ్వవలసినదిగా దాతలను ప్రార్థిస్తున్నాము.